బుర్జ్ చౌక్‌లో దర్జీ

అష్రఫియే,
1975 సెప్టెంబర్ 24

తమ్ముడు నఖ్లేకి అక్క దీవెనలు.

ఫోన్లు మూగబోయాయి, అందుకే కాగితం పట్టుకున్నాను. ఆసుపత్రి అంబులెన్సులో అటూ ఇటూ తిరిగే సిస్టర్ ఒడీల్ దీన్ని నీకు చేరుస్తానంది. ఒకే ఊళ్ళో, నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న తమ్ముడికి ఉత్తరం రాయాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

బజార్లు తగలబడుతుంటే మేడ మీద నుంచి చూశాం. కాలిన బట్టల వాసన, మిరియాల వాసన మా వంటింటిదాకా వచ్చాయి. "మీ తమ్ముడి ఫొటో డబ్బా కొట్టు కూడా పోయే ఉంటుంది," అన్నాడు మీ బావ ఇస్కందర్. నిజమేనా? నాన్న తీసిన గాజు నెగెటివులన్నీ అందులోనే కదా. బుర్జ్ చౌక్‌లో బస్సు దిగిన ప్రతి పల్లెటూరి మనిషినీ అమరవీరుల స్మారకం ముందు నిలబెట్టి ఫొటో తీశాడు నాన్న. ఆయన తర్వాత నువ్వు. అవి ఇంటికి తెచ్చుకోరా అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో నీకే తెలుసు.

మీవాళ్ళే తగలబెట్టారని ఇక్కడ అందరూ అంటున్నారు. మరదలు సల్వాని తీసుకుని ఇటు వచ్చెయ్. ముందుగది ఖాళీగానే ఉంది, కింద బేకరీ పొయ్యి ఉంది కాబట్టి చలికాలం ఇబ్బంది ఉండదు.

మా హబీబ్ కాలేజీ మానేశాడు. వీధి చివర ఇసుక బస్తాలు పేర్చి, మీ బావ వేట తుపాకీ పట్టుకుని కుర్రాళ్ళతో కాపలా కాస్తున్నాడు. వేసవి సెలవులొస్తే "మావయ్య దగ్గరికెళ్ళొస్తానమ్మా" అంటూ నీ డబ్బాలోనే పడుండేవాడు. ఇప్పుడు నీ పేరెత్తితే, "మావయ్య అటువైపు ఎందుకున్నాడు?" అంటున్నాడు. ఏం చెప్పమంటావు?

ఆ చౌక్‌కి వెళ్ళకు.

నీ అక్క
మాతిల్ద్

ముసైత్బే,
1975 అక్టోబర్ 10

అక్కా,

డబ్బా పోయింది. నాన్న గాజు నెగెటివులన్నీ కరిగి రొట్టెంత ముద్దయ్యాయి. ఇంటికి తెచ్చాను. గాలికి తలుపు కొట్టుకోకుండా సల్వా దాన్ని అడ్డం పెడుతోంది. అందులో ఎంతమంది పెళ్ళికూతుళ్ళున్నారో, సెలవు మీద వచ్చిన సిపాయిలెందరున్నారో. మంచి కెమెరా మాత్రం ఇంట్లో ఉండబట్టి మిగిలింది.

"మీవాళ్ళు" అని రాశావు. నావాళ్ళెవరక్కా? నీకూ నాకూ ఒకే గుడిలో, ఒకే పాదిరీ చేత బాప్తిస్మం అయింది. చుట్టూ ముస్లిములే, ఈ మెట్ల మీద మాదొక్కటే క్రైస్తవుల ఇల్లు. తుపాకులవాళ్ళు పైకి రాకుండా కింద వాటాల ఆడవాళ్ళు వీధి గుమ్మంలో కుర్చీలు వేసుకుని కూర్చుంటున్నారు. గుమ్మడికాయ తరుగుతూ, వచ్చినవాణ్ణల్లా "ఎవరి కొడుకువిరా నువ్వు?" అని అడుగుతారు. వాళ్ళని వదిలేసి నేను నీ ముందుగదిలో ఎలా పడుకోను?

విదేశీ పత్రికల ఏజెన్సీ ఒకటి చౌక్ ఫొటోలు కావాలంటోంది. మ్యూజియం దగ్గరి అజ్ఞాత సైనికుడి సమాధి ఫొటో కూడా తీసి ఇచ్చాను. ఇన్నాళ్ళూ విగ్రహం ముందు మనుషుల్ని నిలబెట్టాను. ఇప్పుడు మనుషులెవరూ రారు, విగ్రహమే నాకు మోడలు. కాఫీలమ్మే అబూ జుహైర్ తోడు వస్తున్నాడు. నీ పెళ్ళికి అందరికీ కాఫీ పోసింది అతనే, గుర్తుందా? ఏ నేలమాళిగలోంచి ఏ సందులోకి దారుందో మా ఇద్దరికీ తెలుసు.

విగ్రహంలో దీపం పట్టుకున్న ఆవిడ తొడలో మొన్న గుండు దిగింది. అబూ జుహైర్ టోపీ తీసి, "తగ్గిపోతుందిలే తల్లీ, కదలకుండా నిలబడు," అన్నాడు. నవ్వు ఆపుకోలేక ఫొటో చెడగొట్టాను.

హబీబ్‌కి చెప్పు, మావయ్య తన మంచం ఎక్కడుంటే అక్కడున్నాడని.

నఖ్లే

అష్రఫియే,
1975 నవంబర్ 3

నఖ్లే,

మీ బావ లేడు.

పిండి బస్తాల కోసం వ్యాను తీసుకుని వెళ్ళాడు. మీవైపు ఎక్కడో ఆపారు. గుర్తింపు కార్డు చూపించమన్నారట. కార్డులో మతం రాసి ఉంటుంది కదా, ఇంకేం అడగక్కర్లేదు. అదే కార్డుని చొక్కాకి పిన్నుతో గుచ్చి పంపారు. గొంతు ఈ చెవి నుంచి ఆ చెవిదాకా. నన్ను చూడొద్దన్నారు, చూశాను. ముప్ఫై ఏళ్ళు పిండి పిసికిన చేతులు, మణికట్ల దగ్గర తీగ కోసుకుపోయి ఎముక తెల్లగా కనిపించింది.

ఒక్కటే అర్థం కాలేదు. మొహం కడిగి ఉంది. తల దువ్వి ఉంది, ఆయన దువ్వుకునే పక్కకే. ఆ కసాయివాళ్ళలో తల దువ్వే మనిషి ఎవడై ఉంటాడా అని నిద్ర పట్టడం లేదు.

నువ్వు రాలేదు. కాసేపు ఆగమని పాదిరీని బతిమాలాను. "రాడమ్మా, ఎత్తండి," అన్నాడు హబీబ్. శవపేటిక మోసి, సమాధి దగ్గర తుపాకీ గాల్లోకి ఖాళీ చేశాడు. అప్పటినుంచి నాతో కూర్చుని అన్నం తినలేదు. మావయ్య ఇంటికి పది నిమిషాల దూరంలోనే నాన్నని కోశారంటున్నాడు. అబద్ధమా?

ఇంక రాయడానికేం లేదు.

మాతిల్ద్

ముసైత్బే,
1975 నవంబర్ 12

అక్కా,

ఆ తల దువ్వింది నేను.

టైర్ల కొట్టు గోడ పక్కన అష్రఫియే బేకరీ ఆయన పడి ఉన్నాడని కింద వాటా ఉమ్ వలీద్ పరుగున వచ్చి చెప్పింది. వెళ్ళాను. బావ ఒక్కడే కాదు, కుప్పగా ఉన్నారు. అడుగున ఉన్నాడు. మిగతావాళ్ళని పక్కకి లాగితే తప్ప ఆయన చేతికి రాలేదు. టైర్ల కొట్టు కుళాయి దగ్గర కడిగాను, కొట్టాయన కాళ్ళు పట్టుకున్నాడు. నా జేబులో దువ్వెనతో దువ్వాను. కార్డు తీస్తే ఏ శ్మశానానికి తీసుకుపోతారో అని దాన్ని అలాగే వదిలేశాను. అంబులెన్సు ఎక్కించింది కూడా మేమే. ఇటు జరిగింది అటు చెప్పదు, అటు జరిగింది ఇటు చెప్పదు సిస్టర్. అందుకే రెండు వైపులవాళ్ళూ ఆవిడని తిరగనిస్తున్నారు. ఉత్తరంలో రాద్దామనుకునేలోపు నీ ఉత్తరం వచ్చింది.

అంత్యక్రియలకి బయల్దేరాను. సల్వా నా చేతికి నల్ల రిబ్బను కట్టింది. నేలమాళిగల్లోంచి చౌక్‌దాకా వచ్చాం నేనూ, అబూ జుహైర్. అక్కణ్ణుంచి ఆరుబయట దాటాలి. విగ్రహం దగ్గరికి రాగానే మీవైపు నుంచి కాల్పులు. దిమ్మె వెనక నక్కి కూర్చున్నాం. మీ గుడి గంటలు అక్కడికి వినిపించాయి. అవి ఆగిపోయాక వెనక్కి వచ్చాను.

మీవైపు కిటికీలో ఒకడున్నాడు. అబూ జుహైర్ వాడికి దర్జీ అని పేరు పెట్టాడు. ముందు విగ్రహం మీద తుపాకీ సరిచూసుకుంటాడు. ఆవిడ పావడా మీద చిల్లులు అడ్డంగా వరసగా, టేపు పెట్టి కొలిచినట్టు పడతాయి. "కుట్టు తప్పడం లేదు చూడు," అంటాడు అబూ జుహైర్. ఆ తర్వాత మనుషుల్ని కుడతాడు. రొట్టెలు తెస్తున్న ఆడమనిషిని. కాలిపోయిన కొట్టులో ఏమైనా మిగిలిందా అని వెతకడానికి వచ్చిన అన్నదమ్ముల్ని. వాడెవడో ఎవరికీ తెలీదు.

దువ్వెన సంగతి హబీబ్‌కి చెబుతావో లేదో నీ ఇష్టం.

నఖ్లే

అష్రఫియే,
1976 జనవరి 18

తమ్ముడూ,

నీ ఉత్తరం చేత్తో పట్టుకుని గుడికి వెళ్ళాను. నిన్ను అన్న మాటలకి దేవమాత ముందు క్షమాపణ అడిగాను. నిన్ను కూడా అడుగుతున్నాను.

హబీబ్‌కి చెప్పాను. విన్నాడు. "దువ్విందెవరో నాకెందుకమ్మా? కోసిందెవరో చెప్పు," అని బయటికి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఓడరేవులో ఏదో గోడౌనుకి కాపలా పెట్టారట. రెండు మూడు రోజులకోసారి వస్తాడు, ఒంటి నిండా నూనె వాసన. బూట్లతోనే పడుకుంటాడు. కుడి భుజం కమిలిపోయి ఉంటే సారాతో మర్దన చేశాను. బస్తాలు మోశాడట. తిండి మాత్రం బాగానే తింటున్నాడు, అది చాలు.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. కెమెరాలతో చౌక్‌కి వచ్చేవాళ్ళు ఫిరంగులవాళ్ళకి గుర్తులు చూపించడానికే వస్తారని ఇక్కడ చెప్పుకుంటున్నారు. హబీబే అన్నాడు. నువ్వు అలాంటి పని చెయ్యవు కదా?

బేకరీ నేనే నడుపుతున్నాను.

అక్క

ముసైత్బే,
1976 మార్చి 9

అక్కా,

నీ ప్రశ్నకి కోపంతోనే జవాబు రాయలేదు. ఇప్పుడు కోపం లేదు.

అబూ జుహైర్ పోయాడు. విగ్రహంలో ఆవిడ పక్కన నిలబడ్డ కంచు కుర్రాడి చెయ్యి ఊడి కిందపడింది. ఏజెన్సీకి అది కావాలి. పొద్దున వెళ్ళాం. నేను పాక్కుంటూ ముందుకి జరిగాను. అబూ జుహైర్ దిమ్మె వెనకే ఉండాలి. "ఆ చెయ్యి కాస్త ఇటు తిప్పితే నీకు వెలుతురు బాగుంటుంది," అంటూ లేచాడు. గుండు మెడలోంచి దూసుకుపోయింది.

ఆయన ఆరుబయట వెల్లకిలా, నేను దిమ్మె వెనక. చెయ్యి చాపితే అందేంత దూరం. చాపాను. నా వేళ్ళ ముందు రాయి పగిలింది. మళ్ళీ చాపాను, మళ్ళీ పగిలింది. నన్ను చంపదలుచుకుంటే ఆ చేతికి అదో పని కాదు. చంపలేదు. అబూ జుహైర్ నీళ్ళు అడిగాడు. మాటతో పాటు మెడలోంచి గాలీ నురగా వస్తున్నాయి. సీసా దొర్లించాను. దర్జీ దాన్నీ కొట్టాడు. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా అబూ జుహైర్ అడుగుతూనే ఉన్నాడు. వాళ్ళావిడతో మాత్రం తగలగానే ప్రాణం పోయిందన్నాను. శవం ఇంకా అక్కడే ఉంది, తేనివ్వడం లేదు.

ఏజెన్సీవాళ్ళ పొడుగు లెన్సు నా దగ్గరుంది. దిమ్మె మీద పెట్టి, తల ఎత్తకుండా మీవైపు కిటికీలన్నీ వరసగా తీశాను. కాలిపోయిన సినిమా హాలు పైన, మూడో అంతస్తులో, బస్తాల మధ్య ఒక మొహం దొరికింది. ప్రింటు ఇందులో పెట్టాను. చూసి చెప్పు, ఎవరిదో.

నేను కిటికీల ఫొటోలు తీశానని మా వీధి కుర్రాళ్ళకి తెలిసిపోయింది. ఇమ్మని అడుగుతున్నారు. ఇన్నాళ్ళూ నువ్వు అనుమానించిన పని ఇప్పుడు చెయ్యమంటున్నారు. నువ్వు కాదంటే కాదు. నీ మాట చాలు.

నఖ్లే

అష్రఫియే,
1976 మార్చి 14

నఖ్లే,

వాడు కాదు.

అదేం ఫొటో, బూడిద రంగు మచ్చ. మా వాడి చెవులు అలా ఉండవు. గడ్డం కూడా అలా కాదు. నాన్న ఉంటే ఇలాంటి ప్రింటు చించి పారేసేవాడు. హబీబ్ విషజ్వరంతో జనవరి నుంచి జహ్లేలో వాళ్ళ అత్త దగ్గర ఉన్నాడు. నీకు రాయడం మర్చిపోయాను. మీ బావ మట్టి మీద ఒట్టు.

అబూ జుహైర్ మంచివాడు. వాళ్ళావిడకి నా తరఫున చెప్పు.

ఇక్కడ పిండి దొరకడం లేదు, బార్లీ కలుపుతున్నాను, రొట్టె పొంగడం లేదు. ఆ ఫొటో తగలబెట్టు. దానికి సంబంధించిందంతా తగలబెట్టు.

అక్క

ముసైత్బే,
1976 మార్చి 20

అక్కా,

బావ మట్టి మీద ఒట్టేశాక నాకింకేం కావాలి? నీ మాట నమ్మాను. నా గుండెల మీద బరువు దిగింది.

ఫొటో కుర్రాళ్ళకి ఇచ్చేశాను. కిటికీ ఏదో ఇప్పుడు వాళ్ళకి తెలుసు. జీపు మీద బిగించే పెద్ద తుపాకీ తెప్పిస్తున్నారు. శుక్రవారం తెల్లవారగానే ఆ గదిని కొడతారట. లోపల మనిషి మాంసం కూడా మిగలదంటున్నారు. ఎవరి కొడుకో పాపం. వాడికీ ఒక తల్లి ఉండే ఉంటుంది.

ఈ ఉత్తరం గురువారంలోపు నీకు ఎలాగైనా చేర్చమని సిస్టర్‌ని బతిమాలాను.

హబీబ్ జ్వరం తగ్గిందా?

నఖ్లే

అష్రఫియే,
1976 మార్చి 29

నఖ్లే,

వెళ్ళాను.

సిస్టర్ గురువారం మధ్యాహ్నం ఇచ్చింది. నల్ల గౌను మీదే బయల్దేరాను. సినిమా హాలు దాకా ఎవరూ ఆపలేదు, పిచ్చిదాన్ననుకున్నారేమో. మెట్ల మీద మలం, ఖాళీ తూటాలు. మూడో అంతస్తులో గోడలు పగలగొట్టి గదిలోంచి గదిలోకి దారి చేశారు. ఆఖరి గదిలో పరుపు, నా వంటింట్లోంచి మాయమైన కాఫీ గిన్నె, నా కొడుకు.

"నువ్విక్కడికెందుకొచ్చావమ్మా?" అన్నాడు. చెంప మీద కొట్టాను. కదల్లేదు. "కిటికీకి అడ్డం లేకుండా జరుగు," అన్నాడు. జరగలేదు. బస్తాల మధ్య వాడు తుపాకీ పెట్టే కంతకి వీపు ఆనించి కూర్చున్నాను. వాళ్ళ నాయకుడు వచ్చి నవ్వాడు. "దర్జీగారి అమ్మ కుట్టు నేర్చుకోడానికొచ్చింది రా," అన్నాడు. మీవాళ్ళు పెట్టిన పేరు వీళ్ళకి కూడా తెలుసు, దాన్ని మావాడు బిరుదులా తగిలించుకున్నాడు.

"మావయ్యని చూశావా ఇక్కణ్ణుంచి?" అని అడిగాను.

"చూశాను. ఆయన చేతిని ఎన్నిసార్లు వదిలేశానో ఆయన్నే అడుగు."

"నీళ్ళు అడిగినవాణ్ణి?"

"వాడు అటువైపు వాడమ్మా."

శుక్రవారం తెల్లవారింది. అక్కడే కూర్చున్నాను, వస్తే ఇద్దరినీ కలిపి తీసుకుపోనీ అని. ఏమీ రాలేదు. మధ్యాహ్నం అయింది, రాలేదు. అప్పుడు ఒక్కసారి తిరిగి కంతలోంచి చూశాను. ఆవిడ పావడా, ఆ చిల్లుల వరస, దిమ్మె పక్కన అబూ జుహైర్. చొక్కా రంగు తప్ప ఏదీ పోల్చుకోలేకపోయాను. పిల్లులు తిరుగుతున్నాయి.

సాయంత్రం నాయకుడికి విసుగొచ్చింది. వెనకాలే తల్లి వచ్చే మనిషి నాకొద్దన్నాడు. హబీబ్‌ని కొండల మీద యుద్ధానికి పంపేశాడు. వాడు నా వంక చూడకుండా లారీ ఎక్కాడు.

తుపాకీ ఎందుకు రాలేదు? నువ్వు నాకు అబద్ధం రాశావా? నేను నీకు అబద్ధం రాశాను, అది నీకు తెలుసు.

మాతిల్ద్

ముసైత్బే,
1976 ఏప్రిల్ 17

అక్కా,

ఇది సల్వా చేతిరాత. నేను చెబుతున్నాను, తను రాస్తోంది.

హబీబ్ బాప్తిస్మం రోజున వాణ్ణి నీళ్ళ మీద ఎత్తి పట్టుకున్నది నేను. ఫొటోలు కడిగే మందులో ప్రింటు తేలుతుండగానే మొహం పోల్చుకున్నాను. నీ నోటి నుంచి వినాలనుకున్నాను, అంతే. కాదని రాశావు. నువ్వు అక్కడికి వెళ్ళి వాణ్ణి లాక్కొస్తే తప్ప ఇంకో దారి కనపడలేదు, అందుకే అలా రాశాను. ఫొటో ఎవరికీ ఇవ్వలేదు. నెగెటివు పొయ్యిలో వేశాను.

కుర్రాళ్ళు వచ్చారు. వేరే కిటికీల ఫొటోలు చూపించాను. నమ్మలేదు. నా కుడిచెయ్యి గడప మీద పెట్టించి తుపాకీ మడమతో కొట్టారు. కింద ఆడవాళ్ళు అరుస్తూ పైకి వచ్చేసరికి వేళ్ళు నుజ్జయ్యాయి. చూపుడువేలు తీసేశారు. మిగతావి ముడుచుకోవు.

ఆ కిటికీలో ఇప్పుడు ఇంకొకడున్నాడు. వీడు వరసగా కుట్టడు, ఎక్కడపడితే అక్కడ పేలుస్తాడు. మంగళవారం ఉమ్ వలీద్ నీళ్ళ డబ్బాతో సందు దాటుతుంటే పొట్టలో కొట్టాడు. బావ సంగతి నాకు చెప్పిందే ఆవిడ. ఆ ఫొటో ఇచ్చి ఉంటే ఆ గది ఉండేది కాదు. ఆవిడ ఉండేది. నా మేనల్లుణ్ణి దాచుకుని ఆవిడని ఇచ్చాను.

(వదినా, ఇది నేను, సల్వాని. ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. నా మాట కూడా ఒకటి రాస్తాను. ఉమ్ వలీద్ పిల్లలు ఇప్పుడు మా ఇంట్లో పడుకుంటున్నారు. వాళ్ళ ముందు ఈ ఉత్తరం రాయడానికి నా చెయ్యి సిగ్గుపడింది.)

హబీబ్ బతికి ఉంటే ఒక ముక్క రాయి. లేకపోయినా రాయి.

నఖ్లే

అష్రఫియే,
1976 డిసెంబర్ 6

తమ్ముడూ,

ఇన్ని నెలలు ఎందుకు రాయలేదని అడగకు. సల్వా రాసిన మాట చదివాక కలం పట్టలేకపోయాను.

కాల్పులు ఆపించడానికి అరబ్ దేశాల సేనలు వచ్చి బుర్జ్ చౌక్ తెరిచారట కదా. జనం పిల్లల్ని తీసుకుని విగ్రహం చూడ్డానికి వెళుతున్నారు. నువ్వు కూడా మళ్ళీ అక్కడే నిలబడుతున్నావని సిస్టర్ చెప్పింది. ఏ చేత్తో తీస్తున్నావు?

హబీబ్ వచ్చాడు. ఎడమ చెవి పోయింది, వీపులో ఇనుప ముక్కలున్నాయి. పిండి పిసుకుతాడు, పొయ్యి ముందు కూర్చుంటాడు. మీ బావ తమ్ముడు సముద్రం అవతల సావ్‌పాలోకి రమ్మని టిక్కెట్టు పంపాడు. జూనియే రేవు నుంచి ఓడ, పండగ ముందే.

వెళ్ళేలోపు వాణ్ణి విగ్రహం ముందు నిలబెట్టి ఒక ఫొటో తియ్యి. నా కోసం. వాణ్ణి నేను మళ్ళీ చూడను, నాకు తెలుసు. నువ్వు వాడితో ఆ సంగతి ఎత్తకు. అయిపోయిందేదో అయిపోయింది. వాడు వస్తానన్నాడు. నేనడగ్గానే ఒప్పుకున్నాడు, అదే నాకు వింతగా ఉంది.

నీ అక్క

ముసైత్బే,
1976 డిసెంబర్ 15

అక్కా,

ఇది నా ఎడమచెయ్యి రాత. వంకరగా ఉన్నా చదువుకో.

హబీబ్ సోమవారం వచ్చాడు. చౌక్ నిండా జనం. పిల్లలు విగ్రహం చిల్లుల్లో వేళ్ళు పెట్టి ఆడుతున్నారు. కెమెరా మెడకి తగిలించుకుని ఎడమ బొటనవేలితో నొక్కుతున్నాను. నువ్వు చెప్పినట్టే ఆ సంగతి ఎత్తలేదు. "కాస్త కుడికి జరుగు," అన్నాను. "వద్దు మావయ్యా, అక్కడ నిలబడను," అన్నాడు. ఎందుకో నాకు తెలుసు, నాకు తెలుసని వాడికీ తెలుసు.

అబూ జుహైర్ పెళ్ళాం ఉమ్ జుహైర్ ఇప్పుడు అక్కడే కాఫీ అమ్ముతోంది. కొత్త మొహం కనిపిస్తే కప్పుతో వస్తుంది. వచ్చింది. "ఎవరబ్బాయి?" అని అడిగింది. "మా అక్క కొడుకు," అన్నాను. వాడి చెవి చూసింది. "అల్లా నిన్ను మీ అమ్మకి మిగిల్చాడు నాయనా, తాగు," అంది.

వాడు కప్పు తీసుకున్నాడు. చెయ్యి వణకలేదు. వణికితే బాగుండునని నేను కోరుకున్నాను. తాగకుండా అలాగే పట్టుకుని, "పిన్నీ, మీ ఆయన్ని కొట్టింది నేను. ఆ కిటికీలోంచి," అన్నాడు.

ఆవిడ కిటికీ వంక చూసింది. వాడి వంక చూసింది. చుట్టుపక్కలవాళ్ళకి వినపడలేదు, పిల్లలు గోల చేస్తున్నారు.

"వెంటనే పోయాడా?" అని అడిగింది.

నేను తలూపబోయాను. వాడు ముందే చెప్పేశాడు. "లేదు. మధ్యాహ్నం దాకా ఉన్నాడు. నీళ్ళు అడిగాడు. మావయ్య సీసా దొర్లిస్తే దాన్నీ నేనే కొట్టాను."

అప్పుడు ఆవిడ వాణ్ణి ఏమీ అనలేదక్కా. నా వైపు తిరిగింది. "తగలగానే పోయాడన్నావు. ఆ మాట పట్టుకునే ఇన్నాళ్ళూ పడుకుంటున్నాను నఖ్లే," అంది. ఈ చెయ్యి విరిచిన రోజున కూడా నాకు అంత నొప్పి తెలియలేదు.

వాడి చేతిలో కప్పు తీసుకుని కాఫీ నేల మీద పారబోసింది. కేక పెడుతుందనుకున్నాను. పెడితే వాణ్ణి అక్కడే ముక్కలు చేసేవాళ్ళు. వాడు కూడా దానికే వచ్చాడేమో, పారిపోయే మనిషిలా లేడు. ఆవిడ కేక పెట్టలేదు. తలగుడ్డ అంచుతో కప్పు తుడుచుకుంటూ, "తియ్యి," అంది నాతో. "ఫొటో తియ్యి. వీడి మొహం నా దగ్గర ఉండాలి."

"ఎందుకు ఉమ్ జుహైర్?" అన్నాను.

"నా కొడుకు పెద్దవాడై అడుగుతాడు. అప్పుడు చూపించాలో వద్దో నేను చూసుకుంటాను. నువ్వు ఇంకెప్పుడూ నా బదులు నిర్ణయించకు."

హబీబ్ తనంతట తానే కుడికి జరిగి అబూ జుహైర్ పడిన చోట నిలబడ్డాడు. చేతులు పక్కన పెట్టుకుని లెన్సులోకి చూశాడు. ఆవిడ నా పక్కనే నిలబడి వాణ్ణే చూస్తోంది. నొక్కాను. వాడు వెళ్ళిపోతుంటే కోటు వీపు చెమటకి తడిసి ఉంది. తిరునాళ్ళలాంటి ఆ గుంపులో కాసేపటికి కనపడలేదు. ఒకాయన కాఫీ అడిగాడు, ఆవిడ పోసి ఇచ్చింది.

రెండు ప్రింట్లు వేశాను. నిన్న పొద్దున ఒకటి ఆవిడకి ఇచ్చాను. వెలుతురులోకి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది. "చిన్నవాడే," అంది. బట్టలో చుట్టి లోపల పెట్టుకుంది. నాతో ఇంకేం మాట్లాడలేదు. ఈరోజు కూడా మాట్లాడలేదు.

రెండోది ఇందులో ఉంది. ఓడ కదిలేలోపు నీకు అందాలని సిస్టర్ చేతికి ఇస్తున్నాను. ప్రింటులో మచ్చ లేదు, బూడిద రంగు లేదు. ఈసారి పోల్చుకోగలవు.

నీ తమ్ముడు
నఖ్లే